దసరా పూజలో మామ తుపాకీ పేలింది, ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు

చండూరు_కోడలు
ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. మాది చండూరు దగ్గర పల్లె. మా మామ ఆర్మీలో చేసి వచ్చి, తర్వాత చాలా ఏళ్లు ఒక బ్యాంకులో గార్డుగా ఉన్నారు. లైసెన్సు ఉన్న డబుల్ బారెల్ తుపాకీ ఉంది. ఇప్పుడు ఆయనకు 71. ఉద్యోగం మానేసినా, పత్తి చేనులో పందులు పడుతున్నాయని దాన్ని ఇంట్లోనే ఉంచుకున్నారు.

దసరాకు కత్తిపీట, కొడవళ్లు, బండి తాళాలతో పాటు తుపాకీని కూడా పూజలో పెడతారు. ఈసారి పూజకు ముందు మామ దాన్ని తెరిచి చూసి, ఖాళీగానే ఉందని చెప్పి, తుడవమని మా ఆడపడుచు కొడుకుకు ఇచ్చారు. వాడు ఇంటర్ చదువుతున్నాడు. నూనె గుడ్డతో తుడుస్తుంటే పేలింది. తలుపు చెక్కకు నిమ్మకాయ పట్టేంత రంధ్రం పడింది. అవతల వంటింట్లో బియ్యం డ్రమ్ముకు తగిలి గింజలన్నీ పోయాయి. అంతకు ముందు నిమిషం దాకా మా అత్తమ్మ ఆ డ్రమ్ము పక్కనే కూర్చుని చింతపండు పిసుకుతున్నది. కొబ్బరికాయ కోసం లేచింది. నాలుగేళ్ల నా బిడ్డ ఆమె కొంగు పట్టుకుని వెంట పోయింది. లేకపోతే ఏమయ్యేదో.

మామ తుపాకీని గుడ్డలో చుట్టి మళ్లీ బీరువాలో పెట్టారు. "బయట ఎవరితో అనకండి" అన్నారు, అంతే. ఐదు రోజులైంది. మా ఆయన సౌదీలో ఉంటారు. ఫోన్ చేస్తే "బాపు చూసుకుంటడు, నువ్వు మధ్యలో మాట్లాడకు" అంటున్నారు. నాకు రాత్రి నిద్ర లేదు. ఖాళీగా ఉన్న తుపాకీ ఎట్లా పేలింది? కోడలిగా నేను ఏం చేయగలను?

మునుగోడు_మల్లన్న
దేవుడు కాపాడిండు అక్కా. ముందు పాపను తీసుకుని పుట్టింటికి పో. మిగతాది తర్వాత.

హవల్దార్_దేవరకొండ
ఖాళీ తుపాకీ పేలదు బిడ్డా. అది ఖాళీగా లేదు, ఖాళీ అనుకున్నారు. ఆర్మీలో 22 ఏళ్లు చేశాను, అందులో ఆరేళ్లు కోత్‌లో, అంటే ఆయుధాలు భద్రపరిచే గదిలో. నేను చూసిన ప్రమాదాలన్నీ ఇట్లాంటివే.

కొన్ని సంగతులు చెప్పు. పైన సుత్తుల్లాగా రెండు బయటికి కనిపిస్తాయా, లేకపోతే నున్నగా ఉంటుందా? తూటాలు ప్లాస్టిక్‌వా, పాత కాగితం గొట్టాలవా? మీ మామకు చూపు ఎట్లా ఉంది? పూజ గదిలో వెలుతురు ఎంత?

కంది_చేను
అడవి పందుల బాధ తెలియని వాళ్లు "అమ్మేయండి" అంటూ వస్తారు, ముందే చెబుతున్నా. మా దగ్గర ఒక్క రాత్రిలో ఎకరం వేరుశనగ దున్నిపోయాయి. ఆ ముసలాయనకు తుపాకీ ఎందుకో నాకు అర్థమవుతుంది. ఒక్క పొరపాటు జరిగిందని ఆయన్ను దోషిని చేయకండి.

పాలమూరు_పిల్ల
@కంది_చేను, ఆ ఒక్క పొరపాటు డ్రమ్ముకు తగిలింది కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాం అన్నా. పాపకు తగిలి ఉంటే పేపర్లో చదివేవాళ్లం.

చండూరు_కోడలు
@హవల్దార్_దేవరకొండ, పైన సుత్తులు లేవు, నున్నగా ఉంటుంది. తూటాలు ముదురు ఎరుపు రంగులో కాగితం అట్టలాగా ఉన్నాయి, చాలా పాతవి. మామకు ఎడమ కంట్లో శుక్లం ఉంది, చలికాలంలో ఆపరేషన్ చేయించుకుంటానని వాయిదా వేస్తున్నారు. పూజ గదిలో దీపం తప్ప లైట్ లేదు.

పిల్లవాడిని పక్కకు పిలిచి అడిగాను. తాత తెరిచినప్పుడు ఒక తూటా తీసి జేబులో వేసుకున్నాడట. రెండోది గోటితో లాగబోతే రాలేదట. "ఇది పేలిన ఖాళీ గొట్టంలే, తర్వాత తీద్దాం" అని మూసేశాడట. ఈ మాట వాడు ఎవరికీ చెప్పలేదు, నాకు చెబుతూ ఏడ్చాడు.

హవల్దార్_దేవరకొండ
అనుకున్నదే. ఇది అందరూ చదవాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

కాగితం గొట్టం తూటా తేమకు ఉబ్బుతుంది. వానాకాలమంతా బారెల్‌లోనే ఉండిపోతే బిగుసుకుంటుంది. ఇట్లాంటి పాత తుపాకుల్లో చాలావాటికి తూటాను బయటికి ఎగరేసే ఏర్పాటు ఉండదు. తెరిస్తే అంచు పట్టుకుని కొద్దిగా పైకి లేపుతుంది, మిగతాది మనం వేళ్లతో లాగాలి. ఉబ్బినది రాదు. పేలిన తూటా అయితే వెనక ఇత్తడి మధ్యలో ఉండే చిన్న టోపీకి సొట్ట ఉంటుంది. దీపం వెలుతురులో, శుక్లం ఉన్న కంటికి ఆ సొట్ట ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?

ఇంకో ముఖ్యమైన సంగతి. సుత్తి బయట కనిపించని డబుల్ బారెల్‌ను తెరిచినప్పుడల్లా లోపలి సుత్తులు రెండూ ఎక్కుతాయి. అంటే మీ మామ ఖాళీ చేద్దామని తెరిచి మూసిన ఆ పనితోనే అది పేలడానికి సిద్ధమైంది. తర్వాత గుడ్డ ట్రిగ్గర్‌కు చుట్టుకుంటే చాలు.

పిల్లవాడి తప్పు ఇందులో ఏమీ లేదు. ఆ మాట వాడికి ఈరోజే చెప్పు.

షాద్‌నగర్_ప్లాట్లు
సేఫ్టీ వేసి ఉంటే పేలేది కాదు కదా. పైన బొడిపె ఉంటుంది, వెనక్కి లాగితే లాక్. ఆ పిల్లవాడు తుడుస్తూ దాన్ని ముందుకు తోసి ఉంటాడు. సేఫ్టీ వేసుకుంటే ఏ భయమూ ఉండదు.

హవల్దార్_దేవరకొండ
@షాద్‌నగర్_ప్లాట్లు, సేఫ్టీ మీద అంత నమ్మకం పెట్టుకోకు తమ్మీ. చాలా డబుల్ బారెళ్లలో సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే. లోపలి సుత్తిని పట్టుకోదు. అరిగిన పాత తుపాకీ సేఫ్టీలో ఉన్నా కింద పడితే పేలొచ్చు. సేఫ్టీ అనేది చేతిలో తూటా ఉన్న తుపాకీతో పనిచేస్తున్నప్పుడు అదనపు కాపలా. ఇంట్లో పెట్టే తుపాకీకి కాపలా తూటా లేకపోవడమే.

షాద్‌నగర్_ప్లాట్లు
సరే అన్నా, ఒప్పుకుంటున్నా. నిజం చెప్పాలంటే నాకు కూడా ఒకసారి అయింది, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. భూముల వ్యాపారంలో బెదిరింపులు వచ్చి .32 పిస్టల్‌కు లైసెన్సు తీసుకున్నా. ఒక రాత్రి ఇంటికొచ్చి తూటాలుండే మ్యాగజైన్ తీశా, ఇక ఖాళీ అనుకున్నా. మంచం వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కా. పరుపులోంచి బండల మీద తగిలి గోడలో దిగింది. పక్క గదిలో మా అమ్మ, పిల్లలు.

మ్యాగజైన్ తీసినా చాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, ఒకటి ఉండిపోవచ్చని నాకు చెప్పింది ఆ రోజు ఆ చప్పుడే.

హవల్దార్_దేవరకొండ
చెప్పావు, మంచి పని చేశావు. వరుస గుర్తుపెట్టుకో: ముందు మ్యాగజైన్ బయటికి, తర్వాత పిస్టల్ పైన జరిగే స్లైడ్ వెనక్కి లాగి పట్టుకుని చాంబర్‌లోకి చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. ఈ వరుస తిరగేస్తే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, లాగినప్పుడు ఒకటి బయటపడి ఇంకొకటి లోపలికి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు "నేను స్లైడ్ లాగాను కదా" అనే ధైర్యం కూడా తోడవుతుంది. అది ఇంకా ప్రమాదం.

అట్లాగే ఎవరైనా తుపాకీ చేతికిచ్చి ఖాళీ అంటే, ఇచ్చింది మా సుబేదార్ సాబ్ అయినా సరే, నేను మళ్లీ తెరిచి చూస్తాను. అవతలివాళ్లు కూడా నొచ్చుకోరు, అదే పద్ధతి. గొట్టం ఎప్పుడూ మనిషి లేని వైపే ఉండాలి. వేలు ట్రిగ్గర్ బయట ఉండాలి.

గద్వాల_చేనేత
నాకు తుపాకుల గురించి ఏమీ తెలియదు. కానీ ఒకటి అడుగుతా. తూటాలో ఉండే గుండ్లు, ఛర్రాలు అంటారు కదా, అవి చిన్న చిన్నవి, తలుపు చెక్క ఎట్లా చీల్చాయి?

హవల్దార్_దేవరకొండ
దూరం పోయిన కొద్దీ ఛర్రాలు విచ్చుకుంటాయి. రెండు మూడు గజాల్లో అన్నీ ఒకే ముద్దగా పోతాయి. అందుకే ఒక్కటే రంధ్రం, నిమ్మకాయ పట్టేంత. ఇంట్లో పేలే తుపాకీ అంతా ఆ దూరంలోనే పేలుతుంది. "చిన్న ఛర్రాలే కదా" అనే మాట ఇంటి లోపల పనికిరాదు.

వకీల్_మిర్యాలగూడ
@చండూరు_కోడలు, అమ్మా, చట్టం సంగతి. భయపెట్టడానికి కాదు, మీ మామకు దారి చూపడానికి రాస్తున్నాను.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ప్రకారం, నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే ఎవరికీ దెబ్బ తగలకపోయినా నేరమే. చనిపోతే 106. దానికి ఐదేళ్ల దాకా శిక్ష. ఇక ఆయుధాల చట్టం 1959లో లైసెన్సు షరతులు మీరితే 30వ సెక్షన్ ఉంది. లైసెన్సు మీ మామ పేరు మీద ఉంది, అంటే తుపాకీ బాధ్యత ఆయనదే. పిల్లవాడి చేతికి ఇవ్వకూడదు.

కానీ దారి కూడా ఉంది. ఆయన తనంతట తానుగా ఠాణాకో, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలర్‌కో ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా ఠాణాలో డిపాజిట్ చేసి ఉంటారు కాబట్టి ఆ పని ఆయనకు కొత్త కాదు. ఇంకొక సంగతి, 2016 ఆయుధాల నియమాల్లో 70 ఏళ్లు నిండిన లైసెన్సుదారు తన వారసుడికి లైసెన్సు మార్పించుకునే వీలు ఉంది. వారసుడు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, శిక్షణ పొందాలి. అంటే "పోతే ఇక రాదు" అనే భయం అక్కర్లేదు.

కంది_చేను
వకీల్ గారూ, ఠాణాకు పోయి మా ఇంట్లో పేలింది అని చెబితే కేసు పెట్టరా? పేదోడు ఎందుకు పోతాడు?

వకీల్_మిర్యాలగూడ
మంచి ప్రశ్న. కేసు ఉండదని నేను హామీ ఇవ్వలేను. కానీ దాచడం ఎక్కువ కాలం సాగదు. కొన్న తూటాలు లైసెన్సు పుస్తకంలో ఎక్కుతాయి, లెక్క కుదరాలి. తనిఖీలో దొరకడం వేరు, తానే పోయి చెప్పడం వేరు. వెళ్లేముందు స్థానికంగా ఒక న్యాయవాదిని వెంట తీసుకుపోవడం మంచిది.

అచ్చంపేట_అడవి
మా వైపు కథ ఇంకో రకం. మా పెద్దనాయిన దగ్గర నాటు తుపాకీ, మేం భర్మార్ అంటాం, ఉండేది. లైసెన్సు గిట్ల ఏమీ లేదు. తుపాకీ మందు ఎంత పోయాలో లెక్క లేదు, పిడికిలితో పోసి కర్రతో దంచేవాడు. ఒక రోజు గొట్టం పగిలింది. కుడి చేయి మూడు వేళ్లు పోయాయి, కుడి చెవి వినపడదు. ఆసుపత్రిలో బావి తవ్వుతుంటే రాయి పడిందని చెప్పారు, భయంతో. రెండు రోజులు గాయానికి పసుపు కట్టారు. ఇప్పుడు ఆయన లేడు. కానీ చెయ్యి కప్పుకుని టవల్ వేసుకుని తిరిగేది నాకు ఇప్పటికీ గుర్తు.

డాక్టరమ్మ_నకిరేకల్
@అచ్చంపేట_అడవి రాసింది చదివి చాలా బాధేసింది. ఇదే నేను అందరికీ చెప్పాలనుకున్నది.

తుపాకీ గాయం అయితే పోలీసు కేసు అవుతుందని జనం అబద్ధం చెబుతారు. మేకు గుచ్చుకుంది అంటారు, రాయి తగిలింది అంటారు. పైన చూస్తే చిన్న రంధ్రం, నిజంగానే మేకులాగే కనిపిస్తుంది. లోపల ఛర్రా ఎక్కడిదాకా పోయిందో ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. అబద్ధం చెబితే మేం ఎక్స్‌రే తీయకుండా కుట్లు వేసి పంపే ప్రమాదం ఉంది. డాక్టర్‌కు నిజం చెప్పండి. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితాల పని తర్వాత, ప్రాణం ముందు.

ఇంట్లో జరిగితే 108కి ఫోన్ చేయండి. శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా, రెండు చేతులతో అదిమి పట్టండి. మధ్య మధ్యలో తీసి చూడకండి, తడిసిపోతే పైన ఇంకో గుడ్డ వేసి అదమండి. పసుపు, కాఫీ పొడి పెట్టకండి. నీళ్లు తాగించకండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు. ఛర్రాను మీరే కెలికి తీయకండి.

పాలమూరు_పిల్ల
డాక్టరమ్మా, ఎయిర్ గన్ సంగతి కూడా చెప్పండి. మా తమ్ముడు పోయిన నెల కోతులను బెదిరించడానికని కొన్నాడు. లైసెన్సు అక్కర్లేదు కాబట్టి బొమ్మ తుపాకీ లెక్క, హాల్లో సోఫా మీద పడేస్తాడు. నేను అంటే "ఛాదస్తం" అంటాడు.

డాక్టరమ్మ_నకిరేకల్
మీది ఛాదస్తం కాదు. నేను జిల్లా ఆసుపత్రిలో ఉన్నప్పుడు పదకొండేళ్ల పిల్లవాడిని తీసుకొచ్చారు. అన్నదమ్ములు ఆడుకుంటూ ఒకడు గురిపెట్టాడు. కన్ను పోయింది. ఆ పెద్ద పిల్లవాడు వార్డు బయట మెట్ల మీద మూడు రోజులు కూర్చున్నాడు, లోపలికి రమ్మంటే రాలేదు. దగ్గరి నుంచి తగిలితే కన్నే కాదు, పిల్లల ఛాతీ పలచగా ఉంటుంది, గుండె దాకా పోవచ్చు.

వకీల్_మిర్యాలగూడ
లైసెన్సు మాట కూడా సగమే నిజం. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న వాటికే మినహాయింపు. అంతకు మించితే లైసెన్సు కావాలి. కొన్ని రకాల కోతులను, చాలా పక్షులను కొట్టడం వన్యప్రాణి చట్టం 1972 కింద ఇంకో చిక్కు.

కృష్ణా_ఒడ్డు
పందులకు కరెంటు తీగలు పెట్టడం గురించి కూడా ఎవరన్నా మాట్లాడాలి. మా ఊళ్లో తుపాకీ కన్నా తీగకు పోయినవాళ్లే ఎక్కువ. తెల్లారి నీళ్లు పెట్టడానికి పోయిన పక్క చేను రైతు...

నిర్వాహకుడు
@కృష్ణా_ఒడ్డు, ఇది చాలా ముఖ్యమైన విషయం, దయచేసి వేరే చర్చ మొదలుపెట్టండి, పైన పిన్ చేస్తాం. ఇక్కడ ఈ అమ్మ సమస్య తేలనిద్దాం.

కొల్లాపూర్_మామిడి
దసరాకు గాల్లోకి కాల్చే వాళ్ల సంగతి మరి? పెళ్లి బరాత్‌ల్లో కూడా కాలుస్తున్నారు. పైకి పోయిన గుండు ఎక్కడో ఒక చోట పడాలి కదా.

వకీల్_మిర్యాలగూడ
ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణలో దానికి ప్రత్యేకంగా శిక్ష పెట్టారు. సంబరానికి కాల్చి ఇతరులకు ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఉన్నా సరే.

మునుగోడు_మల్లన్న
మా తాత ఇల్లు కూల్చినప్పుడు గోడ గూట్లో గుడ్డలో చుట్టిన తుపాకీ ఒకటి దొరికింది. రజాకార్ల కాలంలో దళం వాళ్లు దాచి ఉంటారని పెద్దలు అన్నారు. ఊరంతా వచ్చి చేతుల్లో పట్టుకుని ఫోటోలు దిగారు. నేను కూడా దిగినా. ఇప్పుడు మీరంతా రాసేది చదువుతుంటే ఒళ్లు జలదరిస్తున్నది. అప్పుడు అందులో మందు ఉందేమో ఎవరూ చూడలే.

హవల్దార్_దేవరకొండ
గొట్టం ముందు నుంచి మందు పోసే వాటిని తెరిచి చూసే వీలు ఉండదు. పాత మందు ఎన్నేళ్లయినా పొడిగా ఉంటే అంటుకుంటుంది. అట్లాంటిది దొరికితే చెయ్యి పెట్టకుండా, జనాన్ని దూరం పంపి పోలీసులకు చెప్పాలి. చరిత్ర మీద గౌరవం ఉండాల్సిందే, కానీ ఫోటో దూరం నుంచి కూడా వస్తుంది.

వనపర్తి_వదిన
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఇంట్లోనూ తుపాకీ ఉండేది. మా ఆయన అప్పుల్లో మునిగి, మాట్లాడటం మానేసి, అన్నం సరిగ్గా తినని రోజులవి. ఒక రాత్రి లేచి చూస్తే బీరువా ముందు నిలబడి ఉన్నాడు. ఏమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పడుకోబెట్టాను. తెల్లవారి తుపాకీని ఆటోలో వేసుకుని మా మేనమామ ఇంట్లో పెట్టి వచ్చాను. ఆయన ఇప్పుడు బాగున్నాడు, కూరగాయల దుకాణం నడుపుతున్నాడు. అందరూ పిల్లల గురించే మాట్లాడుతున్నారు. పెద్దవాళ్ల మనసు బాగలేనప్పుడు కూడా అది ఇంట్లో ఉండకూడదు.

పాలమూరు_పిల్ల
అక్కా, మీరు ఆ రాత్రి లేవడం... నాకు మాటలు రావడం లేదు.

వకీల్_మిర్యాలగూడ
@వనపర్తి_వదిన, మీరు చేసింది ప్రాణం కాపాడిన పని. చదివేవాళ్ల కోసం ఒక్క మాట: బంధువు ఇంట్లో పెడితే, ఆ బంధువుకు ఆ ఆయుధం మీద లైసెన్సు లేకపోతే అతడు చిక్కుల్లో పడతాడు. అట్లాంటప్పుడు ఠాణాకు గానీ డీలర్‌కు గానీ ఫోన్ చేసి, ఇంట్లో పరిస్థితి చెప్పి ఇచ్చేయండి.

డాక్టరమ్మ_నకిరేకల్
మనసు బాగలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు పనిచేస్తుంది. ఇంట్లో వాళ్లు కూడా చేయొచ్చు.

చండూరు_కోడలు
అందరివీ చదివాను. వనపర్తి అక్క రాసింది మా అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేను ఆ డ్రమ్ము దగ్గరే కూర్చున్న కదా బిడ్డా, నాకు కూడా రాత్రి నిద్ర వస్తలేదు" అన్నది. ఇన్ని రోజులూ ఆమె కోపంగా ఉందనుకున్నా, భయపడి ఉంది. కానీ మామతో ఎవరు మాట్లాడాలి? నేను అంటే ఆయనకు అవమానంగా ఉంటుంది. ఆర్మీ మనిషి, తుపాకీ తన ప్రాణం అంటారు.

హవల్దార్_దేవరకొండ
నీ మామకు ఏమీ చెప్పకు. ఒక మాజీ సైనికుడు మాట్లాడతాడట అని మాత్రం చెప్పు. నా నంబర్ నిర్వాహకుడి దగ్గర ఉంది, నీకు పంపిస్తాడు. ఏ రెజిమెంట్ అని అడగడంతో మొదలుపెడతా, తప్పు గురించి అడగను. సైనికుడికి ఇట్లాంటిది జరిగితే సిగ్గు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నేను కోత్‌లో ఉన్నప్పుడు తుపాకీ ఖాళీ చేసేటప్పుడు గొట్టం పెట్టే ఇసుక తొట్టిలోకి నా చేతిలో కూడా ఒకసారి పేలింది. ఇసుక తొట్టి ఎందుకు పెడతారో ఆ రోజు అర్థమైంది.

ఈలోపు ఒక్క పని. బీరువా తాళం చెవి అత్తమ్మ కొంగుకు కట్టుకోవాలి. మీరెవరూ తుపాకీని ముట్టుకోవద్దు. మిగిలిన పాత తూటాలు ఎండలో పెట్టొద్దు, ఆరబెట్టొద్దు.

కంది_చేను
నేను మొదట కోపంగా రాసిన, మన్నించు చెల్లే. మీ చేను కాపలాకు సోలార్ లైట్లు, చుట్టూ వల కంచె గురించి వివరాలు కావాలంటే పంపిస్తా. పందులకు కుసుమ ముళ్లు కూడా కొంత ఆపుతాయి, గట్టు చుట్టూ నాలుగు సాళ్లు వేసుకోండి. అటవీ శాఖ అనుమతితో షూటర్లను పిలిపించుకునే వీలు కూడా ఉంది, మీ పంచాయతీలో అడగండి.

చండూరు_కోడలు
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా. హవల్దార్ బాబాయి గారు మామతో గంటన్నర మాట్లాడారు. మొదట మామ లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. కొంతసేపటికి లోపల్నుంచి నవ్వు కూడా వినిపించింది. బయటికి వచ్చి ఏమీ చెప్పలేదు. కానీ సాయంత్రం పిల్లవాడిని పిలిపించి, "తప్పు నాది, నీది కాదు" అన్నారు. వాడు మళ్లీ ఏడ్చాడు.

మొన్న వకీలును వెంట తీసుకుని ఠాణాకు పోయారు. జరిగింది తానే రాసిచ్చారు. తుపాకీ, మిగిలిన పదకొండు తూటాలు అప్పగించి రసీదు తెచ్చారు. విచారణకు పిలిస్తే రావాలన్నారు, వస్తానన్నారు. కంటి ఆపరేషన్‌కు కూడా తేదీ తీసుకున్నారు. మా ఆయన సౌదీ నుంచి ఫోన్ చేసి వచ్చే ఏడాది లైసెన్సు తన పేరుకు మార్పించుకుంటానంటున్నారు. అత్తమ్మ ఫోన్ లాక్కుని "నువ్వు ముందు ఇంటికి రా, అప్పుడు మాట్లాడదాం" అన్నది.

వకీల్_మిర్యాలగూడ
రసీదు జిరాక్స్ రెండు తీసి వేరు వేరు చోట్ల పెట్టండి.

పాలమూరు_పిల్ల
మా తమ్ముడితో ఇదంతా చదివించాను. ఎయిర్ గన్ ఇప్పుడు తాళం వేసిన ట్రంకులో ఉంది, ఛర్రాల డబ్బా నా దగ్గర.

షాద్‌నగర్_ప్లాట్లు
హవల్దార్ అన్నా, నాకొక సలహా. మళ్లీ కొన్నాళ్లకు ఎవరన్నా ఇంట్లో డబుల్ బారెల్ ఉంచుకోక తప్పదు అనుకో, ఎట్లా పెట్టాలి? మా మేనమామకు ఉంది.

హవల్దార్_దేవరకొండ
గొట్టాల కింద, ముందు వైపు చెయ్యి పట్టే చెక్క తీస్తే బారెల్, వెనక చెక్క విడిపోతాయి, మూడు ముక్కలు అవుతుంది. బారెల్ ఒక తాళంలో, మిగతాది ఇంకో తాళంలో, తూటాలు మూడో చోట. ఎవరి చేతికి ఏది దొరికినా ఒట్టి ఇనుమే. కలిపేముందు గొట్టంలోంచి ఆకాశం కనిపించాలి, మట్టి గిట్ల ఉంటే కాల్చకూడదు.

కొల్లాపూర్_మామిడి
ఇప్పుడే పోయి మా నాయిన తుపాకీ తెరిచి వెలుతురుకు పెట్టి చూసినా. తూటాలు లేవు. కానీ ఎడమ గొట్టంలోంచి ఆకాశం కనపడలే. చూస్తే కందిరీగ మట్టి గూడు. కర్రతో పొడిచి తీయొచ్చా?

హవల్దార్_దేవరకొండ
పొడవకు. అట్లనే మూడు ముక్కలు చేసి, తాళం వేసి, మీ నాయినను వెంటబెట్టుకుని లైసెన్సు తీసుకుని డీలర్ దగ్గరికి పో. లోపల తుప్పు పట్టి గొట్టం పలచబడి ఉండొచ్చు, వాళ్లు కొలిచి చెబుతారు. చూసి రాగానే ఇక్కడ రాయి.